ఒంటి తీగ

గురువారం పగలు పదకొండు గంటలకు దేవరాజు దగ్గర ఉన్న సరుకు మూడే మూడు: జోసెఫ్ పనిసంచి, జోసెఫ్ మీద నమ్మకం, ఐదు గంటల గడువు. మూడింటిలో తరిగిపోయేది గడువు ఒక్కటే అని అప్పటికి అతను అనుకున్నాడు.

దేవరాజుకు గద్వాలలో నీళ్ల మోటార్ల దుకాణం ఉంది. ఇళ్లకు వాడే చిన్న మోటార్లు అమ్ముతాడు, బిగిస్తాడు, బాగుచేస్తాడు. ఇరవై ఏళ్లుగా అదే బతుకు. మధ్యలో ఒకసారి మోటార్ల దొంగల ముఠాలు వరుసగా మూడింటిని పట్టించాడు. అప్పట్నుంచి వకీళ్లు, బీమావాళ్లు కూడా అతని దుకాణం మెట్లెక్కడం మొదలుపెట్టారు. కరెంటు కొట్టి మనిషి పోయినా, బోరులోని మోటారు మాయమైనా "డిటెక్టివ్ దేవరాజును పిలువుండ్రి" అనడం ఇటు వనపర్తి, అటు నాగర్‌కర్నూల్ దాకా అలవాటైపోయింది.

ఈసారి పిలిచింది హెప్సిబా, జోసెఫ్ భార్య; అతని పనిసంచి తెచ్చి ఇచ్చింది కూడా ఆమే. జోసెఫ్ ఆరేళ్లు దేవరాజు దుకాణంలోనే పని నేర్చుకున్నాడు. నాలుగేళ్ల కిందట మాటామాటా వచ్చి బయటికి పోయి, సొంతంగా ఊళ్లు తిరుగుతూ మోటార్లు బాగుచేసుకుంటున్నాడు. ఆదివారం నాడు అయిజ దాటాక వచ్చే పులిగుండ్లదొడ్డిలో జమ్ములమ్మ అనే ఆవిడ ఇంటి మోటారు బాగుచేసి వచ్చాడు. సోమవారం పొద్దున నల్లా దగ్గర కరెంటు కొట్టి జమ్ములమ్మ చనిపోయింది. బుధవారం సాయంత్రం నాలుగింటికి పోలీసులు జోసెఫ్‌ను పట్టుకుపోయారు. ఈ రోజు నాలుగు లోపల జడ్జి ముందు పెట్టాలి. పెడితే నిర్లక్ష్యం కేసు కాదు, అంతకన్నా పెద్ద సెక్షనే పెడతానని ఎస్సై భానుప్రకాశ్ అప్పటికే చెప్పేశాడు. బెయిలు దొరకని సెక్షన్ అది.

స్టేషన్‌లో లాకప్పు ఊచల వెనక జోసెఫ్ నేల చూపులు చూస్తున్నాడు.

"అన్నా, నాకు తెల్వకుంటనే తప్పు చేసిన్నేమో."

"చేసినవా, చేయలేదా? రెంట్ల ఒకటి చెప్పు."

"సీలు కారుతుంటే మార్చిన. కండెన్సర్ మార్చిన. ప్లగ్గు కొత్తది వేసి ఎర్తింగు తీగ బిగించిన. బిగించిన్ననే అనుకుంటున్న. కాని మూడు రాత్రులాయె, కండ్లు మూస్తే ఆ స్క్రూ వదులుగ కనవడ్తున్నది."

"ఆమెను బెదిరించినవట?"

"బెదిరించుడేందన్నా! పాత ప్లగ్గు కాలి నల్లగైంది. చేతులవెట్టి చూపిచ్చిన. 'అక్కా, గిది మార్చకపోతే ఈ మోటారు నీ పాణం తీస్తది' అన్న. ఆమె నవ్వింది. 'అయితే మార్చరాదు, మాటలెందుకు' అన్నది. గప్పుడే ఆమె కొడుకు ప్రశాంత్ లోపలికొచ్చిండు. పాణం తీస్తదన్న మాటొక్కటే ఇన్నడు."

జాగ్రత్త చెప్పిన మాట మర్నాటికి బెదిరింపు అయి కూర్చుంది. పెద్ద సెక్షన్‌కు పునాది ఆ ఒక్క మాటే.

ఎస్సై భానుప్రకాశ్ ముందు గదిలో కుర్చీ వెనక్కి వాల్చి కూర్చున్నాడు. రెండేళ్ల కిందట ఒక మోటారు దొంగతనంలో అతను ఒకణ్ణి పట్టుకొస్తే, మోటారు అమ్ముకున్నది ఫిర్యాదు ఇచ్చినవాడేనని దేవరాజు నలుగురి ముందు తేల్చేశాడు. ఆ మంట ఇంకా ఆరలేదు.

"రాండి డిటెక్టివ్ సార్. మీ శిష్యుని సర్టిఫికెట్ చూడుండ్రి."

బల్ల మీద ప్లాస్టిక్ కవరులో జమ్ములమ్మ మోటారు ప్లగ్గు ఉంది. మూత ఊడదీసి ఉంది. ఎరుపు, నలుపు తీగలు వాటి స్క్రూల కిందే ఉన్నాయి. ఎర్తింగుకు పోవలసిన పచ్చ తీగ మాత్రం విడిగా వేలాడుతోంది.

"ఎర్తింగు పెట్టలే. మోటారు బాడీకి కరెంటొచ్చింది. పైపు నుంచి నల్లాకొచ్చింది. నల్లా పట్టుకున్న ఆమె పోయింది. ఇంకేం కావాలె?"

దేవరాజు కళ్లద్దాలు పెట్టుకుని కవరును వెలుతురుకు ఎత్తి పట్టాడు. తీగలు, స్క్రూలు అతనికి అక్షరాల కన్నా సులువుగా అర్థమవుతాయి.

"ఈ పచ్చ తీగ కొస చూడండి సార్. కొక్కెం లెక్క వంగింది, అణిగి సాపుగైంది. స్క్రూ కింద నలిగితేనే గిట్లయితది. అసలు బిగియ్యని తీగైతే పోగులు విడివిడిగ చీపురు లెక్క ఉంటయి. జోసెఫ్ బిగించిండు. తర్వాత ఎవరో గుంజితే ఊడింది."

"ఎవరు గుంజిన్రు?"

"గది మీరు అడిగిన్రా?"

భానుప్రకాశ్ కుర్చీ ముందుకు పడింది. "మూడింటికి బండి కోర్టుకు బయల్దేరుతది సేటూ. అప్పటిదాంక మీరేం గుంజుకుంటరో గుంజుకోండి. కాని నేను గూడ ఎంబడి వస్త. మిమ్మల్ని ఒంటిగ ఊర్లెకు తోలితే సాక్షులను గూడ రిపేరు చేసి తెస్తరు."

పన్నెండూ ఇరవైకి ఇద్దరూ జమ్ములమ్మ ఇంటి వెనక పెరట్లో ఉన్నారు. పెరటి కొసన పక్కింటికీ వీళ్లకూ ఉమ్మడి గోడ. ఆ గోడను ఆనుకుని మోకాలెత్తు ఇనుప నల్లా. దానికి రెండు గజాల దూరంలో గచ్చు మీద అర హార్స్‌పవర్ మోటారు. నీళ్లు వచ్చినప్పుడు నల్లాకు రబ్బరు పైపు తొడిగి, ఆ మోటారుతో లాగి మేడ మీది ట్యాంకుకు ఎక్కిస్తారు. ఊళ్లో అందరూ చేసే పనే. పంచాయతీవాళ్లు వస్తే పైపు దాచేయడమూ అందరూ చేసే పనే.

రబ్బరు పైపు నేల మీద పడి ఉంది. దాన్ని నల్లాకు బిగించే క్లిప్పు పూర్తిగా వదులు చేసి ఉంది, ఆ పొద్దు పైపును నల్లాకు తొడగనే లేదన్నట్టు.

జమ్ములమ్మ కొడుకు ప్రశాంత్ గడపలో కూర్చుని ఉన్నాడు. ఇరవై నాలుగేళ్లుంటాయి. మూడు రోజులుగా అన్నం ముట్టినట్టు లేడు.

"నల్లా ఎన్నింటికొచ్చింది బిడ్డా?" దేవరాజు అతని పక్కనే గడప మీద కూర్చున్నాడు.

"ఆరు పదికి. ఐదొద్దులకు వచ్చింది. వాడకట్టంత ఒక్కసారే ఉరికిన్రు."

"అమ్మ పడిందెప్పుడు?"

"ఆరుంబావుకు. నా ఫోన్‌ల అలారం మోగుతుండె. బిందె పడ్డ సప్పుడైంది. నీళ్లు కారవెడుతున్నదేమో అనుకొని జరసేపు పండుకునే ఉన్న. ఆ జరసేపే, సేటూ."

దేవరాజు తొందరపెట్టలేదు. ప్రశాంత్ ముఖం తుడుచుకున్నాక అడిగాడు.

"వచ్చి ఏం చేసినవ్?"

"అమ్మ నల్లాను పట్టుకొని ఉన్నది. మోటారు వైరు పట్టి గుంజేసిన."

"స్విచ్చి బంద్ పెట్టినవా, వైరు గుంజినవా?"

"స్విచ్చి దిక్కు సూడలే. వైరే గుంజిన. ప్లగ్గు ఊడొచ్చింది."

దేవరాజు ఎస్సై వైపు చూడలేదు. చూడవలసిన అవసరం కూడా లేదు, గోడ దగ్గర బూట్ల చప్పుడు ఆగిపోయింది.

"వైరు గుంజంగనే అమ్మ చెయ్యి నల్లాను ఇడిసిందా?"

"లేదు," అన్నాడు ప్రశాంత్. "ఇడువలే. ప్లగ్గు నా చేతిల ఉన్నది, అమ్మ ఇంక వణుకుతనే ఉన్నది. కట్టె దేనికి ఉరికిన. వచ్చేసరికి దానంతటదే ఇడిసింది."

"గిది ఎస్సై సారుకు చెప్పినవా?"

"నన్ను ఎవరడిగిన్రు? జోసెఫ్ ఏమన్నడు అని అడిగిన్రు. గదే చెప్పిన."

"మోటారు సప్పుడు ఇన్నవా?"

"మాదా? మాది రాలే."

"మాది రాలేదంటున్నవ్. మరి ఎవరిదొచ్చింది?"

ప్రశాంత్ గోడ వైపు చూశాడు. "అనంతయ్య పెదనాయినోళ్లది. గుర్రుమంటుండె. తిరగనట్టు."

దేవరాజు లేచి పని మొదలుపెట్టాడు. ముందు జమ్ములమ్మ ఇంటి మీటరు దగ్గర ఫ్యూజు పీకి జేబులో వేసుకున్నాడు. తర్వాత పనిసంచిలోంచి టెస్ట్ బుగ్గ తీశాడు. రెండు పొడుగాటి తీగలున్న మామూలు బల్బు అది. ఒక తీగ నల్లాకు, ఇంకో తీగ మీటరు దగ్గర కరెంటు తిరిగిపోయే న్యూట్రల్ తీగకు పెట్టాడు. నల్లాకు ఎక్కణ్ణుంచైనా కరెంటు వస్తుంటే బుగ్గ వెలగాలి.

వెలగలేదు.

భానుప్రకాశ్ నవ్వాడు. "బుగ్గ వెలగలే, మీ కథ వెలగలే. ఒంటిగంటైతున్నది సేటూ."

దేవరాజు జవాబు చెప్పకుండా స్క్రూడ్రైవరుతో నల్లా మొదట్లో మట్టి గీశాడు. జానెడు లోతులో ఇనుము అయిపోయి నల్లని ప్లాస్టిక్ పైపు మొదలైంది.

"గిది ఎప్పుడేసిన్రు?"

"హోలీకి ముందు," అన్నాడు ప్రశాంత్. "ఊరంత ఇనుప పైపులు తీసి ప్లాస్టిక్‌వి ఏసిన్రు."

"సార్, జర ఇటు రాండి. మొన్నటిదాంక గిది ఊరంత పొడుగున్న ఇనుము. దానికి కరెంటు తాకినా భూమిలకు ఇంకిపోయేది. ఇప్పుడు మోకాలెత్తు మొండెం మిగిలింది. దీనికి కరెంటు తాకితే పోనీకి తొవ్వ లేదు, పట్టుకున్న మనిషి తప్ప."

"తాకిచ్చిందెవరు మరి?"

"గోడవతల గుర్రుమన్న మోటారును అడుగుదాం."

అనంతయ్య అయిజ మార్కెట్‌కు పోయాడు. అతని భార్య చిన్నమ్మ పెరట్లో మేకల కొట్టం ముందు కూర్చుని ఉంది. అరవై ఏళ్లుంటాయి. దేవరాజును చూడగానే చేతిలోని చాట పక్కన పెట్టి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోలీసును చూసి భయపడిందనుకున్నాడు దేవరాజు. కాని ఆవిడ చూపు పోలీసు మీద లేదు.

"మోటారు నడుస్తలేదా అక్కా?"

"కాలిపోయింది."

రేకు కింద ఉన్న మోటారు దగ్గర కూర్చుని అతను వెనక మూత విప్పాడు. లోపలి రెక్కను వేలితో తోస్తే వెన్నలా తిరిగింది. వాసన చూశాడు. లోపలి రాగితీగ చుట్ట కాలిన మోటారు నెలరోజులైనా కంపు కొడుతుంది. ఇది కొట్టడం లేదు.

"కాలలే అక్కా. దీనికి ఏం కాలే."

ఆవిడ కొంగును ఇంకా గట్టిగా అదుముకుంది.

పక్కనే గోడకు స్విచ్చు డబ్బా. మూత తీశాడు. ఇంటి ముందు వైపు మీటరు నుంచి గోడ పొడుగునా వచ్చిన తీగ ఒకటి పై స్క్రూ కింద ఉంది. కింది స్క్రూ ఖాళీగా ఉంది. దాని చుట్టూ డబ్బా అంతా దుమ్ము, స్క్రూ మాత్రం తళతళలాడుతోంది. రెండు మూడు రోజుల్లోనే ఎవరో తీగ విప్పేశారు. డబ్బా కింద, గోడ మొదట్లో, కొత్తగా పూడ్చి కాలితో తొక్కిన మట్టి. చుట్టుపక్కల నేల ఎండి నెర్రెలు విచ్చితే, ఆ చోట మాత్రం చాపంత మేర గరిక పచ్చగా ఉంది. ఏళ్ల తరబడి నీళ్లు తాగిన నేల అది.

"రెండో తీగ ఏది?" అన్నాడు దేవరాజు.

"నన్నడుగుతున్నవా?"

"నిన్నే అక్కా. మోటారుకు రెండు తీగలుండాలె. ఒకటే ఉన్నది. రెండోది ఎక్కడికి పోయింది? ఎవరు పెట్టిచ్చిన్రు?"

చిన్నమ్మ కొంగు తీసేసింది. ఆవిడ ముఖంలో భయం లేదు, ఆశ్చర్యం ఉంది.

"నిజంగనే యాదికి లేదా నీకు? నువ్వే గద సేటూ పెట్టింది."

దేవరాజు చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది.

"తొమ్మిదేండ్లాయె. మోటారు నీ కాడ్నే కొన్నం. నువ్వే వచ్చి బిగిస్తివి. మీటరేమో ముందటింట్ల, మోటారేమో ఈడ. రెండు తీగలు గుంజితే వైరు శాన పడ్తదని ఆయన ఎనుకాముందాడిండు. వేరే దుకాణంకు పోతమన్నడు. అప్పుడు నువ్వే అన్నవ్, ఒక తీగ సాలు, రెండో తీగ భూమే అని. ఇనుప కడ్డీ పాతి దానికి గట్టినవ్. 'పొద్దుగాల మోటారు వేసే ముందు ఈడ రెండు బిందెలు పొయ్యి అక్కా, భూమికి దూపైతే మోటారు గుంజది' అన్నవ్. నవ్వుకుంటనే అన్నవ్. నేను గూడ నవ్విన."

అతనికి ఆవిడ గుర్తురాలేదు, ఈ పెరడు గుర్తురాలేదు. ఆ మాట మాత్రం గుర్తుంది. దాన్ని అతను ఎన్నో పెరళ్లలో అన్నాడు. పక్క దుకాణంవాడు రెండు తీగలకు లెక్క కడితే తను ఒకదానికి కట్టి బేరం గెలిచేవాడు. భూమిని రెండో తీగగా వాడటం తెలివి అనుకున్నాడు. తేమ బాగుంటుందని కడ్డీని నల్లాల పక్కనే దించేవాడు. పైపులు ఇనుపవి ఉన్నంత కాలం ఆ తప్పు బయటపడలేదు. జోసెఫ్ ఒక్కడే ప్రతి ఇంట్లో "రెండు తీగలు ఏద్దమన్నా" అని గొణిగేవాడు. ఒకరోజు బేరం ముందరే అన్నాడు. "నీకు యాపారం రాదుర, పో" అని దేవరాజు అతన్ని పంపించేశాడు. మాటామాటా వచ్చి పోయాడని ఇన్నాళ్లూ నలుగురికీ చెప్పుకున్నది ఆ సంగతినే.

చిన్నమ్మ చెప్పుకుపోతోంది. ఆపితే మళ్లీ చెప్పలేనన్నట్టు చెబుతోంది.

"తొమ్మిదేండ్ల సంది ఒక్క పొద్దు తప్పలే సేటూ. సోమారం నాడు తప్పింది. ఐదొద్దులు నల్లా రాలే. డ్రమ్ముల రెండు బిందెలే మిగిలినయి. మనుషులకే లేవు, భూమికేం పోస్తం అనిపిచ్చింది. మోటారు ఏస్తే గుర్రుమన్నది, గుంజలే. జరసేపు సూసి బంద్ పెట్టిన. గోడవతల పోరడు మొత్తుకుంటున్నడు. మజ్జాన్నం మా ఆయన కడ్డీ పీకిండు. నోరు మూసుకోమన్నడు. జమ్ములమ్మ నాకు చెల్లె లెక్క. దాని పీనుగ కాడ నేనే ముందుగాల ఏడ్సిన. ఆ రెండు బిందెలు పోసుంటే బతికేది గద?"

అవునంటే ఆవిడ చస్తుంది. కాదంటే అది పూర్తి నిజం కాదు.

"నీ బిందెల తోటి పోలేదక్కా," అన్నాడు. "నా కడ్డీ తోటి పోయింది."

గోడ సందు దగ్గర భానుప్రకాశ్ నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. దేవరాజు భుజం మీద చెయ్యి వేసి కొట్టం వెనక్కి తీసుకుపోయాడు. గొంతులో ఎప్పుడూ లేని మెత్తదనం.

"సేటూ, నేనేం ఇన్లే. మీరేం సూడలే. కడ్డీ పీకేసిన్రు. ముసలామె మాట తప్ప ఏం లేదు. జోసెఫ్ మీద పెద్ద సెక్షన్ తీసేస్త. నిర్లక్ష్యం అని రాస్త, రేపటికి బెయిలు. ఆమెకు కేసు లేదు, మీకు కేసు లేదు. నా ఫైలు మూత పడ్తది. రెండేండ్ల కింది ముచ్చట ఇద్దరం మర్సిపోదం."

ఇరవై ఏళ్ల వ్యాపారంలో ఇంత మంచి బేరం దేవరాజు ముందుకు ఎవరూ తేలేదు. అందరికీ లాభమే. కట్టవలసినది జోసెఫ్ ఒక్కడే. అతను కూడా జైలుకు పోడు, రేపు ఇంటికి పోతాడు. పోయి కళ్లు మూస్తాడు. మూస్తే ఆ స్క్రూ వదులుగా కనబడుతుంది. పది మోటార్లు బాగుచేసినా, పదేళ్లు గడిచినా, చనిపోయేదాకా కనబడుతూనే ఉంటుంది.

దేవరాజు ఎస్సై చేతిని భుజం మీంచి మెల్లగా తీసేశాడు.

"కడ్డీ ఏడున్నదక్కా?" అని గట్టిగా కేకేశాడు.

"కొట్టంల. గడ్డి కింద."

"పిచ్చి లేసిందా సేటూ?" ఎస్సై గొంతు మళ్లీ మామూలుగా మారిపోయింది.

"పంచనామా రాసుకోండి సార్. ప్రశాంత్‌ను గూడ పిలువుండ్రి. ఆని కండ్ల ముందట చేస్త."

ఒంటిగంటా నలభై అయింది. పూడ్చిన మట్టి తీసి, గజమున్నర కడ్డీని పాత బొక్కలోకి దించాడు. బొక్క నిటారుగా లేదు, గోడ కిందికి వాలుగా ఉంది. కడ్డీ చివరికంటా దిగగానే గోడ అవతల టంగుమని ఇనుము ఇనుముకు తగిలిన చప్పుడు వినిపించింది. అవతల నల్లా మొదట్లో కూర్చున్న ప్రశాంత్ ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. దేవరాజు కడ్డీ తీగను డబ్బాలోని కింది స్క్రూకు బిగించి, జమ్ములమ్మ ఇంటి ఫ్యూజు ఇంకా తన జేబులోనే ఉందని తీసి అందరికీ చూపించాడు. అవతలికి పోయి టెస్ట్ బుగ్గ నల్లాకు పెట్టాడు. "ఎయ్యక్కా," అన్నాడు.

మోటారు గుర్రుమంది. బుగ్గ భగ్గున వెలిగింది.

"ఇప్పుడు రెండు బిందెలు పొయ్యి," అన్నాడు దేవరాజు. గోడ అవతల నీళ్లు పోసిన చప్పుడు, మట్టి తాగిన చప్పుడు. బుగ్గ మసకబారింది. ఎర్రగా, దారంలా మిగిలింది. ఆరిపోలేదు.

చిన్నమ్మ గోడ మీదుగా ఆ ఎర్రని దారాన్ని చూస్తూ నిలబడింది. తన రెండు బిందెల విలువ ఎంతో ఆవిడకు కళ్లారా కనబడింది. అది తక్కువా కాదు, చాలినంతా కాదు.

ప్రశాంత్ దేవరాజు దగ్గరికి వచ్చాడు. కొడతాడేమో అనుకుని ఎస్సై ఒక అడుగు ముందుకు వేశాడు. ప్రశాంత్ కొట్టలేదు.

"మా అమ్మకు నీ దుకాణం తెల్వదు," అన్నాడు. "నీ కాడ ఒక్క మేకు గూడ కొనలే."

దేవరాజు మోటారు బంద్ పెట్టమని చిన్నమ్మకు సైగ చేసి, బుగ్గ తీగలు విప్పడం మొదలుపెట్టాడు.

మూడింటికి కోర్టుకు బయలుదేరవలసిన బండి స్టేషన్ ముందే ఆగి ఉంది. మూడుంబావుకు జోసెఫ్‌ను బయటికి వదిలారు. హెప్సిబా అతని చొక్కా పట్టుకుని వదలలేదు. దేవరాజు పనిసంచి అందించాడు. జోసెఫ్ కృతజ్ఞతలు చెప్పలేదు. వేరే మాట అడిగాడు.

"స్క్రూ బిగించిన్ననా అన్నా?"

"బిగించినవ్. నీ పనిల తప్పు లేదు. నాదాంట్ల ఉన్నది."

జోసెఫ్ అతని ముఖంలోకి కాసేపు చూశాడు. సంగతి అప్పటికే స్టేషన్ అంతా పాకింది. "రెండు తీగలు," అన్నాడు మెల్లగా, తిట్టినట్టు కాదు, లెక్క సరిచూసినట్టు. తర్వాత హెప్సిబాతో కలిసి మెట్లు దిగిపోయాడు.

భానుప్రకాశ్ కొత్త కాగితం తీశాడు. "పేరు చెప్పుండ్రి. తెలుసు గని, మీ నోటితోనే రావాలె. ఇయ్యాల నాకు పండుగ అనుకుంటున్నరేమో సేటూ, లేదు. ఏమో, సంతోషమైతలేదు."

"చెప్త సార్. మొదలు నా ఫోన్ ఇయ్యుండ్రి."

"వకీలుకా?"

"కాదు. గిసొంటి కడ్డీలు ఇంక ముప్పై మూడు పాతిన. గద్వాల దిక్కు పద్దెనిమిది, వనపర్తి దిక్కు తొమ్మిది, నాగర్‌కర్నూల్ దిక్కు ఆరు. ఇండ్లు యాదికి లేవు గని, మోటారు కొన్నోళ్ల నంబర్లు ఫోన్‌ల ఉన్నయి. ఊరూర ఇనుప పైపులు తీసి ప్లాస్టిక్ ఏస్తున్నరు. కొన్ని ఊర్లల్ల నల్లా సాయంత్రం వస్తది."

ఎస్సై కలం కింద పెట్టి, ఫోన్ అతని ముందుకు జరిపాడు. తను కూడా స్టేషన్ ఫోను దగ్గరికి లాక్కున్నాడు. "ముందుగాల ఏ ఊరు?"

"పెద్దమందడి."

నాలుగోసారి మోగాక ఒక ఆడమనిషి ఎత్తింది. వెనక బిందెల చప్పుడు.

"అమ్మా, నల్లా వచ్చిందా?"

"ఇప్పుడే వస్తున్నది. ఎవరన్నా?"

"మోటారు ఎయ్యకమ్మా. ఏసుంటే ఇంట్లకు పోయి మెయిన్ బంద్ పెట్టు. నల్లా ముట్టకు. పిల్లలను ముట్టనియ్యకు. పో, నేను లైన్ల ఉంట."

అడుగులు దూరమయ్యాయి. అతను గోడ మీది గడియారం చూస్తూ కూర్చున్నాడు. మూడు నిమిషాల తర్వాత ఆమె మళ్లీ వచ్చింది.

"బంద్ పెట్టిన. ఏందన్నా గిది? ఎవరు మాట్లాడేది?"

"దేవరాజును. గద్వాల. మీకు మోటారు పెట్టి, ఒక తీగను భూమిలకు ఇచ్చినోణ్ణి. ఆ తీగ నల్లాకు కరెంటు తెస్తదమ్మా. మనుషులు పోతరు."

అవతల బిందె కింద పెట్టిన చప్పుడైంది.

"నా పేరు సుమన అన్నా. మోటారు కొన్నది మా మామ," అంది. "పోయిన ఎండకాలం, కొత్త పైపులేసినంక, మామ నల్లా కాడ్నే పడిపోయిండు. గిట్లనే సాయంత్రం, నీళ్లు పడుతుంటే. గుండె ఆగిందనుకొని కాలవెట్టినం."

దేవరాజు ఫోన్ చెవికి పెట్టుకునే ఉన్నాడు. ఎదురుగా భానుప్రకాశ్ కలం అందుకుని, కాగితం మీద ఏమీ రాయకుండా అతని ముఖంలోకి చూస్తున్నాడు.

నాలుగు గంటలయింది. ఆ పూట దేవరాజు చేతికి మిగిలింది ఇది: బయటికి వచ్చిన మనిషి ఒకడు, తన పేరున తేలిన చావులు రెండు, ఇంకా చేయవలసిన ఫోన్లు ముప్పై రెండు.